ఏటేటా ఫ్లూ టీకా ఎందుకు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన సంఘ వేదికపై ప్రబంధములను గురించియు, పద్యనాటకములను గురించియు, సంగీతమును గురించియు ప్రసంగములు జరుగుట వాడుక. ఈ పర్యాయము కార్యదర్శిగారు, మన కుటుంబములకు పనికివచ్చు శాస్త్రవిషయమేదైన చెప్పుమని నన్ను కోరినారు. నేను వైద్యుడను గాను. పట్టభద్రుడనైనది చరిత్రలో, జీవనము సాగించుచున్నది దస్త్రములతో. అట్టివాడు శరీరములోని కణములను గురించి మాటలాడుట కొంత సాహసమే. కాని మన పెద్దల నోట ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. "చిన్ననాడు మశూచికమునకు ఒక్కసారి టీకాలు వేసినారు, మచ్చ నేటికిని భుజముమీద నున్నది. ఈ ఫ్లూ టీకా మాత్రము ఏటేటా ఎందుకు పొడిపించుకొనవలెను?" అని వారి ప్రశ్న. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము సగము వైరస్‌లో ఉన్నది, సగము మనలో ఉన్నది. వైరస్ ఏటేటా వేషము మార్చునను సంగతి పత్రికలలో తరచుగా వచ్చుచునే యున్నది. మనలోనున్న సగమును గురించి తెలిసినవారు తక్కువ. నేను చెప్పదలచినది అదియే.

ఫ్లూ అనగానే పడిశమే గదా అని తేలికగా అనువారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా ప్రకారము ఏటా 2,90,000 మొదలు 6,50,000 మంది వరకు ఈ జ్వరము తెచ్చిపెట్టు శ్వాసకోశ వ్యాధులతో మరణించుచున్నారు. వారిలో వృద్ధులే అధికము. 1918లో వచ్చిన ఉపద్రవమున ఒక్క భారతదేశములోనే కోటికి మించిన ప్రాణములు పోయినవి. మనుష్యులలోని ఫ్లూ వైరస్‌ను తొలుత వేరుచేసి చూపినది 1933లో, ఇంగ్లండులో, స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు. 1945లో అమెరికాలో పౌరులకు టీకా అనుమతింపబడినది. చరిత్ర చదివినవాని చేతికి తేదీలు చిక్కిన సభ త్వరగా ముగియదు గనుక ఇంతటితో ఆ భాగమును విడిచిపెట్టుచున్నాను.

మన రక్తములోని తెల్లకణములలో ఒక తెగ పేరు బి-కణములు. ప్రతిరక్షకములను తయారుచేయునవి ఇవియే. ఈ "బి" అను అక్షరము మనకు కోడి నుండి వచ్చినది. కోడి తోకక్రింద ఒక చిన్న సంచి కలదు. ఇటలీదేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ దానిని ఎప్పుడో వర్ణించెను. ఆ గ్రంథము 1621లో వెలువడినది. దానికి బర్సా అని పేరు. అది ఎందుకున్నదో మూడువందల యేండ్లకు పైగా ఎవరికిని తెలియలేదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అను పరిశోధక విద్యార్థి, ఆ సంచిని తీసివేసిన కోళ్లలో ప్రతిరక్షకములు సరిగా పుట్టుట లేదని కనుగొనెను. 1956లో ఆ వ్యాసము కోళ్లపెంపకపు శాస్త్రపత్రిక ఒకదానిలో అచ్చయినది. కోళ్లవారి పత్రిక గనుక వైద్యులు చాలకాలము దానివంక చూడనేలేదు. మనుష్యులలో ఆ సంచి లేదు. మన బి-కణములు ఎముకల మూలుగలో పుట్టును. పేరు మాత్రము కోడిదే నిలిచినది.

ఒక్కొక్క బి-కణమునకు ఒక్కొక్క ఆకృతి గల ప్రతిరక్షకమును చేయుట మాత్రమే తెలియును. అది మరియొకటి చేయలేదు. మన దేహమున ఇట్టి కణములు కోట్లకొలది కలవు. ఇక్కడ మనవంటివారికి ఆశ్చర్యము కలుగును. శత్రువు వచ్చిన తరువాత దేహము దానిని చూచి కొలతలు తీసికొని ఆయుధము చేయునని పూర్వము పలువురు తలచిరి. అట్లు కాదని 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ ప్రతిపాదించెను. ఆయుధములన్నియు ముందే ఉండును. వచ్చిన శత్రువు తనకు సరిపడు ఆయుధముగల కణమును తానే ఎన్నుకొనును. ఎన్నికయైన కణము వేలుగా, లక్షలుగా పెరుగును. తరువాతి పరిశోధనలు ఈ ఊహను స్థిరపరచినవి. ఇన్ని ఆకృతులు కొద్దిపాటి జన్యువుల నుండి ఎట్లు వచ్చుచున్నవో చూపినందుకు జపానుకు చెందిన తొనెగావాకు 1987లో నోబెల్ బహుమానము లభించినది. అక్షరములు యాబదియారే అయినను గ్రంథములకు అంతులేనట్లు, జన్యువుల తునకలు రకరకములుగా కూర్పబడి కోట్ల ఆకృతులగుచున్నవి.

ఇక టీకా సంగతికి వత్తము.

సోమవారమునాడు ఎడమభుజమున ఫ్లూ టీకా వేయించుకొంటిమనుకొనుడు. అందులోనున్నది చచ్చిన వైరస్ తునకలు. ముఖ్యముగా దాని పైపొరనుండు హీమాగ్లుటినిన్ అను మాంసకృత్తు. ఇది పుట్టగొడుగువలె నుండును: పైన తల, క్రింద కాడ. వైరస్ మన కణములకు అంటుకొనునది తలతో. ఏటేటా వేషము మార్చునది కూడ ఆ తలయే. కాడ అంతగా మారదు. ఈ తునకలు భుజము నుండి ఎడమచంకలోని శోషరస గ్రంథులకు చేరును. చేతికి కురుపు లేచినప్పుడు చంకలో బిళ్ళ కట్టినదని మన పెద్దలు చెప్పుదురు గదా, ఆ బిళ్ళయే ఇది. బిళ్ళ కట్టుటయనగా లోపల కణములు పని ప్రారంభించినవనియే అర్థము. మంగళ బుధవారములలో భుజము కొంచెము నొచ్చును. రక్తము తీసి చూచిన విశేషమేమియు కానరాదు. మరుసటి సోమవారము, అనగా ఏడవనాడు, చూడవలెను. ముందులేని కణములు రక్తములోనికి ఒక్క ఉప్పెనగా వచ్చును. ఒక్కొక్కటి క్షణమునకు వేలకొలది ప్రతిరక్షకములను విడుదల చేయుచుండును. ఇంకొక వారము గడచునప్పటికి ఆ ఉప్పెన తీసిపోయి, వెదకినను అవి దొరకుట కష్టమగును. శాస్త్రజ్ఞులు వీనిని ప్లాస్మాబ్లాస్టులందురు. నా సౌకర్యమునకు నేను ఏడవనాటి కణములనెదను.

ఈ ఏడవనాటి కణములను పట్టుకొని పరీక్షించిన గొప్ప పరిశోధన 2008లో నేచర్ పత్రికలో వెలువడినది. దానిని నడిపిన ముఖ్యులలో ఒకరు అట్లాంటా నగరమునందలి ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యులు రఫీ అహమ్మద్‌గారు. వారు హైదరాబాదులో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవారని చెప్పుటకు ఈ సభలో నాకు సంతోషముగా నున్నది. టీకా వేసిన ఏడవనాడు రక్తములోని బి-కణములలో నూటికి 6 వరకు ఈ జాతి కణములే యుండుటను వారు చూచిరి. ఆ కణములనుండి 50కి మించిన వేర్వేరు ప్రతిరక్షకములను తయారుచేసి చూడగా, అవి టీకాలోని వైరస్ రకములను గట్టిగా పట్టుకొనునవిగా తేలినవి. అనగా ఆ ఉప్పెన గుంపు చేరిన అలగా జనము కాదు. వచ్చిన పనికే వచ్చినవారు.

ఇంత త్వరగా ఇంత నేర్పుగల కణములు ఎట్లు వచ్చినవి? క్రొత్తగా ఎన్నికయైన కణము పదును తేరుటకు వారములు పట్టును. సమాధానమేమనగా, అవి క్రొత్తవి కావు. మనలో నలుబది దాటినవారెవరును ఫ్లూ ఎరుగనివారు కారు. చిన్ననాటి నుండి ఎన్నియో పర్యాయములు సోకియుండును. ప్రతి పర్యాయమును కొన్ని బి-కణములు జ్ఞాపక కణములుగా మారి దేహమున నిలిచిపోవును. టీకా లోపలికి రాగానే దేహము క్రొత్త నోటు వ్రాయుటకు కూర్చుండదు. రికార్డు రూములోనికి పోయి పాత ఫైలు తెరచును. ఏడవనాటి ఉప్పెనలో అత్యధిక భాగము ఈ పాత ఫైళ్లనుండి వచ్చినదే.

దీనికి మరియొక నిదర్శనము మన ఇండ్లలోనే యున్నది. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటిసారి ఫ్లూ టీకా వేయునప్పుడు నాలుగు వారముల ఎడముతో రెండు మోతాదులు వేయుదురు. పెద్దలకు ఒక్కటే చాలును. పిల్లవానికి ఫైలు లేదు. మొదటి మోతాదుతో ఫైలు తెరువవలెను, రెండవదానితో దానిని నడుపవలెను. తల్లులు రెండవదానిని మరచుటయే ఎక్కువగా కానవచ్చును.

ఈ జ్ఞాపకము ఎంతకాలము నిలుచునని మీరడుగవచ్చును. 2008లోనే అమెరికాలో మరియొక పరిశోధన జరిగినది. 1918 ఉపద్రవము నాటికి పసివారుగానో బాలురుగానో ఉండి, 91 మొదలు 101 ఏండ్ల వయస్సు వరకు జీవించియున్న 32 మంది రక్తమును పరీక్షించిరి. వారి ప్రతిరక్షకములు 1918 వైరస్‌ను ఇంకను గుర్తించుచున్నవి. కొందరి రక్తమునుండి తీసిన బి-కణములు ఆ వైరస్‌ను నిర్వీర్యము చేయు ప్రతిరక్షకములను నేటికిని చేయగలిగినవి. దాదాపు 90 ఏండ్ల జ్ఞాపకము! మన కార్యాలయములలో పదేండ్లనాటి ఫైలు దొరకుటకే పడు శ్రమ మీకు తెలియనిది కాదు.

అయితే పాత ఫైలుతో ఒక చిక్కు కూడ ఉన్నది. మనలో సచివాలయానుభవము గలవారికి దీనిని విప్పిచెప్ప నక్కరలేదు. క్రొత్త విషయమేదైన వచ్చినప్పుడు డీలింగ్ అసిస్టెంటు మొదట వెదకునది పూర్వపు దాఖలా. అది ఉన్నచో పని త్వరగా జరుగును, తప్పు దొర్లదు. కాని క్రొత్త విషయమునకును పాత దానికిని పైకి పోలికయుండి లోపల భేదమున్నచో, పాత ఉత్తరువే క్రొత్త కాగితము మీద మరల వెలువడును. శరీరముకూడ ఇట్లే చేయును. అమెరికాలో తొలి ఫ్లూ టీకాకు మూలపురుషులలో ఒకడైన థామస్ ఫ్రాన్సిస్ దీనిని గమనించి 1960లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. మనిషి బాల్యమున ఏ ఫ్లూను మొదట ఎదుర్కొనెనో, జీవితమంతయు ఏ ఫ్లూ వచ్చినను అతని దేహము ఆ మొదటిదానికి సంబంధించిన ప్రతిరక్షకములనే ముందుగా పెంచునని అతని పరిశీలన. క్రైస్తవ పరిభాష ననుసరించి అతడు దీనికి ఆదిపాపమని పేరు పెట్టినాడు. పేరు కొంచెము కటువైనది. మనవారైనచో పూర్వవాసన యని యుందురు. నా ఉద్దేశ్యమున అదియే మేలైన పేరు, ఏలననగా వాసన మంచిది కావచ్చును, చెడ్డది కావచ్చును.

మంచిదియు అగునని 2016లో సైన్సు పత్రికలో వెలువడిన ఒక పరిశోధన చూపినది. పక్షులనుండి మనుష్యులకు సోకు హెచ్5ఎన్1, హెచ్7ఎన్9 అను రెండు భయంకరమైన ఫ్లూలు కలవు. మొదటిది తీవ్రముగా బాధించినవారిలో 1968 తరువాత పుట్టినవారే ఎక్కువ; రెండవదాని విషయమున 1968కి పూర్వము పుట్టినవారే ఎక్కువ. 1968లో మనుష్యులలో తిరుగు ఫ్లూ జాతి మారినది. ఆ సంవత్సరమునకు ముందు పుట్టినవారి బాల్యజ్ఞాపకము ఒక తెగది, వెనుక పుట్టినవారిది మరియొక తెగది. బాల్యమున ఎరిగిన తెగకు బంధువైన వైరస్ వచ్చినచో, దానిని ఎన్నడును చూడకున్నను కొంత రక్ష యున్నది. అత్తగారును కోడలును ఒకే ఇంట, ఒకే గాలి పీల్చుచు ఉన్నను, ఫ్లూ విషయమున వారి పుట్టినిండ్లు వేరు.

మరి టీకా పాత ఫైళ్లను కదిలించుటయేనా, క్రొత్తవి తెరచుట లేదా? ఇది తేలవలెనన్న రక్తము తీసి చూచిన చాలదు, చంకలోని బిళ్ళలోనికే పోయి చూడవలెను. మనుష్యులలో ఆ పని చాలకాలము ఎవరును చేయలేదు. సెయింట్ లూయిస్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు ఎనిమిదిమంది స్వచ్ఛందముగా వచ్చిన వారికి ఫ్లూ టీకా వేసి, అల్ట్రాసౌండు సాయముతో సన్నని సూదిని చంకలోని గ్రంథిలోనికి పంపి, వారముల తరబడి మరల మరల కణములను తీసి పరీక్షించిరి. 2020లో ఆ ఫలితములు వెలువడినవి. గ్రంథిలో అంకుర కేంద్రములని కొన్ని తావులు ఏర్పడును. బి-కణములు అచ్చట తమ ప్రతిరక్షకమును కొద్దికొద్దిగా మార్చుకొని పదును పెట్టుకొనును. టీకాను గుర్తించు కణములు ఈ కేంద్రములలో వారము దినములకే కానవచ్చినవి. ఎనిమిదిమందిలో ముగ్గురికి తొమ్మిది వారముల వరకును ఉన్నవి.

అచ్చట రెండు విధముల కణములు కలిసి పనిచేయుచుండెను. ఏడవనాటి కణములకు తోబుట్టువులైన పాతవి కొన్ని. ఇవి పలుమారులు పదునెక్కినవి. ఒక్క రకమును గాక అనేక ఫ్లూ రకములను పట్టగలవి. రక్తములో ఎన్నడును కానరాక గ్రంథిలో మాత్రమే కనబడినవి మరికొన్ని. ఇవి క్రొత్తగా చేరినవి. ఆ యేటి టీకాలోని రకమును మాత్రమే ఎరిగినవి. కాబట్టి దాఖలా వెదకునట్టి ముసలి గుమాస్తాను మనము తేలికగా చూడరాదు. వైరస్ తలమార్చినను మారని కాడను ఎరిగినవాడు ఒక్కొక్కప్పుడు అతడే. ఏ మార్పునకును లొంగని కాడను గురిచేసి, ఒకేసారి పలు రకములకు పనిచేయు టీకా చేయవలెనని నేడు జరుగు ప్రయత్నములకు ఈ పాత కణములే ఆధారము.

ఇప్పుడు మన పెద్దల ప్రశ్నకు ముఖ్యమైన సమాధానము చెప్పెదను. జ్ఞాపకము 90 ఏండ్లు నిలుచునప్పుడు ఏటేటా టీకా ఏల? ఫైలు ఉండుట వేరు, ఉత్తరువు చేతిలో నుండుట వేరు. జ్ఞాపక కణము నిద్రించుచుండును. దానిని లేపి, అది పెరిగి, ప్రతిరక్షకములు చేయునప్పటికి దినములు పట్టును. ఫ్లూ అంతవరకు ఆగదు. రెండు మూడు దినములలోనే మంచము పట్టించును. వైరస్ ముక్కున చేరిననాడే ప్రతిరక్షకములు రక్తములో సిద్ధముగా నుండవలెను. ప్రతిరక్షకము తానుగా ఎక్కువకాలము నిలువదు. మూడు వారములలో సగమునకు తగ్గును. కావున దానిని నిత్యము చేయుచుండు కణములు ఎక్కడనో కొలువుండవలెను. ఆ కొలువు ఎముకల మూలుగ. ఏడవనాటి కణములలో కొన్ని అచ్చటికి చేరి స్థిరపడి సంవత్సరముల తరబడి పనిచేయును. ధనుర్వాతపు టీకా ఇచ్చిన ప్రతిరక్షకములు సగమునకు తగ్గుటకు 11 ఏండ్లు పట్టునని ఒక లెక్క. తట్టు సోకినవారికి అవి దాదాపు జీవితాంతము తరుగవు. కారణము మూలుగలో కాపురమున్న ఈ కణములే.

ఫ్లూ టీకా విషయమున ఏమి జరుగుచున్నదో ఎమరీవారే మరల పరిశీలించిరి. ఇది నా మనస్సునకు మిక్కిలి నచ్చిన పరిశోధన. 53 మంది ఆరోగ్యవంతులు, రోగమేమియు లేనివారు, తమ తుంటి ఎముకనుండి మూలుగ తీయించుకొనుటకు ఒప్పుకొనిరి. సూదిమందుకే ముఖము త్రిప్పుకొను మనకు అది ఎంతటి త్యాగమో తెలియకపోదు. ఐదేండ్లపాటు ఈ పని సాగినది. టీకాకు ముందు మూలుగలోని ప్లాస్మా కణములలో ఫ్లూను ఎరిగినవి సగటున నూటికి 0.8, నాలుగు వారములకు అవి 1.9 అయినవి. అనగా రెట్టింపునకు మించినవి. టీకా పనిచేయలేదని ఎవరును అనలేరు. కాని ఏడాది తిరిగి చూచునప్పటికి క్రొత్తగా చేరినవానిలో చాలభాగము అదృశ్యమైనవి. పాతవి మాత్రము కదలలేదు. 2020లో ఈ సంగతి ప్రకటితమైనది.

ఢిల్లీలో క్వార్టరుకై సంవత్సరములు వేచినవారు ఈ సభలో చాలమంది కలరు. ఆ కణముల అవస్థ వారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. పాత అలాటీలు ఖాళీ చేయరు. క్రొత్తవారు అతిథిగృహములో ఏడాది గడపి పోవుదురు. అందుచేత ఏటేటా టీకా వేయుట టీకా చేసినవారి మోసము కాదు, మన దేహపు లోపమును కాదు. వైరస్ వేషము మార్చకున్నను, ఒక్క ఈ కారణముచేతనే టీకాను మరల వేయవలసివచ్చును. ఆ రెండును కలిసినవి గనుక ఏటేటా తప్పుట లేదు.

వృద్ధుల విషయము కొంత విచారకరమైనది. ఎవరికి ఎక్కువ రక్ష కావలెనో వారి కణములే మందముగా పలుకును. అరువదియైదు దాటినవారిలో ఏడవనాటి ఉప్పెనయు, తరువాతి ప్రతిరక్షకములును యువకులలోకంటె తక్కువ. అందుచేత 2009లో అమెరికాలో వృద్ధులకై ఒక్కొక్క వైరస్ రకమునకు 15 మైక్రోగ్రాములకు బదులు 60 మైక్రోగ్రాములు గల టీకాను అనుమతించిరి. చెవి మందగించినవారితో గొంతెత్తి మాటలాడుట వంటిది. ఇంకొక మాటయు దాచకుండ చెప్పవలెను. టీకా చక్కగా సరిపోయిన యేడు కూడ అది జబ్బును నూటికి 40 మొదలు 60 పాళ్లు మాత్రమే తగ్గించును. మశూచికపు టీకాతో దీనిని పోల్చిన నిరాశ కలుగును. ఏమియు లేకుండుటతో పోల్చవలెను. ఉబ్బసమో, మధుమేహమో, గుండెజబ్బో ఉన్న పెద్దవారికి ఆ సగము రక్షయే ఆసుపత్రికిని ఇంటికిని మధ్యనుండు దూరము.

కాలమును గురించి ఒక్కమాట. టీకాలోని రకములను ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఏటా రెండుసార్లు నిర్ణయింతురు: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకు, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకు. మనదేశమున చాలచోట్ల ఫ్లూ విజృంభించునది వర్షాకాలమున, కాశ్మీరమున చలికాలమున. ఢిల్లీలో వర్షములకు ఒకసారి, చలికి మరియొకసారి తల యెత్తును. ఏ టీకా, ఎప్పుడు అనునది మీ వైద్యుని అడిగి తెలిసికొనుడు. మొత్తముమీద ముసురు పట్టకముందే వేయించుకొనుట మంచిది. ఇంట ఇద్దరు దగ్గుట మొదలైన తరువాత డిస్పెన్సరీకి పరుగెత్తువారే మనలో ఎక్కువ. అట్లు వేయించుకొని మూడవనాడు జ్వరము తగిలినవాడు టీకావలననే వచ్చినదని పదిమందికి చెప్పును. అప్పటికింకను అతని కణములు చంకలోనే యున్నవి. అవి బయలుదేరుటకు నాలుగు దినములు, ప్రతిరక్షకములు నిండుటకు మరియొక వారము కలదు.

నాకు తెలిసినంతవరకు చెప్పితిని. ప్రశ్నలున్నచో ముందు వరుసలో కూర్చున్న మన సంఘసభ్యులైన డాక్టరుగారిని అడుగుడు, నేనుకూడ వినెదను.